కుశస్థలి కొసన నూనె తెట్టు

వానలు తెరిపిచ్చిన మర్నాడు పొద్దున్నే మా పక్కింటామె గోడవతల నుంచి కేకేసింది. "అక్కా, ఒక్కసారి ఇట్లొచ్చి చూడు. బోరు నీళ్లల్లో రంగులు తిరగతా ఉండాయి."

వెళ్లి చూస్తే నిజమే. బకెట్లో నీళ్లమీద ఊదా, పచ్చ, బంగారు రంగులు కలిసి మెల్లగా తిరుగుతున్నాయి. చిన్నపిల్లలైతే ముచ్చటపడి చప్పట్లు కొట్టేవాళ్లు. ఆమె మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది. "ఈ నీళ్లతోనే బియ్యం కడిగేస్తినే!" అంటూంది.

నేనొక చీపురుపుల్ల తీసుకుని ఆ తెట్టును మధ్యలో పొడిచాను. మీలో బోరు నీళ్లు వాడేవాళ్లు ఎవరైనా ఇది చేసి చూడవచ్చు. నీళ్లలో ఇనుము ఎక్కువగా ఉన్నచోట ఒకరకం సూక్ష్మజీవులు పెరిగి అచ్చం ఇలాంటి తెట్టే కడతాయి. పుల్లతో కదిపితే అది పగిలిన గాజుపెంకుల్లా ముక్కలై విడివిడిగా నిలిచిపోతుంది. దానికి అంతగా బెదరక్కర్లేదు. నూనె తెట్టు అలా కాదు. పుల్ల తీయగానే మళ్లీ కలిసిపోతుంది. మా పక్కింటి బకెట్లో తెట్టు పగల్లేదు. పుల్ల తీసేసరికి ఏమీ జరగనట్టు ఒకటైపోయింది. వాసన ఉండనే ఉంది. మా వీధి మొదట్లో బండ్లు బాగుచేసే షెడ్డొకటి ఉంది. వాన పడినప్పుడల్లా ఆ షెడ్డు ముందు నేల నల్లగా మెరవడం మేమందరం ఏళ్ల తరబడి చూస్తున్నదే.

ఆ బకెట్ చూసినప్పటి నుంచి నాకు ఎన్నూరు పదేపదే గుర్తుకొస్తూంది. తిరుపతి వీధిలో బోరుకూ, చెన్నై పక్కనున్న ఉప్పుటేరుకూ ఏం సంబంధం అంటారా? ఉంది. ఆ ఏట్లో పారేది కొంత మన నీళ్లే.

మన పుత్తూరు, నగరి వైపు కొండల్లో పడిన వాన కుశస్థలిలోకి చేరుతుంది. నగరి ఏరని కూడా అంటాం. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది గానీ, తుపాను పట్టిందంటే దాని ఉరుకు చూడాలి. ఆ నీళ్లు రాష్ట్రం దాటి తమిళనాడులో పూండి జలాశయానికి చేరతాయి. తెలుగుగంగ కాలువలో మన కృష్ణ నీళ్లు చెన్నై దాహం తీర్చడానికి 1996 నుంచి వెళ్తున్నదీ ఆ పూండికే. అక్కణ్నుంచి ఏరు కొసస్తలై అన్న పేరుతో సాగి, చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు దగ్గర ఉప్పుటేరై సముద్రంలో కలుస్తుంది. మనం కుశస్థలి అంటాం, వాళ్లు కొసస్తలై అంటారు, అంతే తేడా. ఇక ఎన్నూరు మొగ దగ్గర నుంచి బకింగ్‌హాం కాలువ మీదుగా నీళ్లు అటు పులికాట్ వైపు పోతాయి. అంటే మన సూళ్లూరుపేట, తడ ప్రాంతాల వాళ్లు వలలు వేసే సరస్సు వైపు. ఇక్కడ పుట్టిన నీళ్లు చుట్టూ తిరిగి మన వాళ్ల వాకిట్లోకే వస్తున్నాయన్నమాట.

2023 డిసెంబరు

మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రెండు రోజులు చెన్నైని ముంచెత్తింది. మనకూ ఆ రోజులు గుర్తే, ఇక్కడా వాన వదల్లేదు. ఆ వరదలో ఉత్తర చెన్నైలోని మణలి, ఎర్ణావూరు వైపు ఇళ్లల్లోకి నీళ్లతో పాటు నల్లటి నూనె వచ్చింది. నీళ్లు దిగిపోయాక గోడలమీద ఎంత ఎత్తున వచ్చిందో అంత ఎత్తున నల్లటి గీత మిగిలింది. పరుపులు, పిల్లల పుస్తకాలు, బీరువాలో చీరలు... ఉతికితే పోయే మురికి కాదది.

ఆ నూనె మణలి నుంచి బకింగ్‌హాం కాలువలోకి, అక్కణ్నుంచి కొసస్తలైలోకి, ఎన్నూరు ఉప్పుటేట్లోకి, చివరికి సముద్రంలోకి పోయింది. సముద్రంమీద దాదాపు ఇరవై చదరపు కిలోమీటర్ల మేర తెట్టు పరచుకుందని తీర రక్షకదళం చెప్పింది. మణలిలో ఉన్నది చెన్నై పెట్రోలియం కార్పొరేషన్ వారి చమురు శుద్ధి కర్మాగారం. మా గొట్టాలేవీ పగల్లేదని మొదట ఆ సంస్థ అన్నది. కర్మాగారం ఆవరణలో నుంచే వరద నీళ్లతో నూనె బయటికి వచ్చిందని తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి తేల్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణాది బెంచి తనంతట తానే కేసు చేపట్టింది.

ఇక్కడొక మాట చెప్పాలి. గొట్టం పగిలిందా లేదా అన్నది ఇంజనీర్లకు పెద్ద విషయం కావచ్చు. ఇల్లు కడుక్కునే ఆడమనిషికి అందులో తేడా ఏముంది? భారీ వాన పడితే ఆవరణలో ఉన్న నూనె వరదలో కలిసి ఊరిమీదికి వస్తుందన్న సంగతి డిసెంబరులోనే తెలియాలా? చెన్నైకి డిసెంబరు వానలు కొత్తవి కాదు. 2015లో మునిగిన ఊరది.

ఎన్నూరుకు నూనె కూడా కొత్త కాదు. 2017 జనవరి 28 తెల్లవారుజామున అక్కడి కామరాజర్ రేవు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఒకటి గ్యాస్ ఓడ బీడబ్ల్యు మేపుల్, ఇంకొకటి డాన్ కాంచీపురం. నూనె ఏమీ పోలేదని మొదట అన్నారు. రెండు మూడు రోజులకు తీరం వెంబడి రాళ్లన్నీ తారుపూసినట్టయ్యాయి. మెరీనా దాకా పోయింది. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలం అది. అప్పుడు వార్తల్లో చూసిన బొమ్మ నా మనసులో నుంచి ఇంకా పోలేదు. కాలేజీ పిల్లలు, జాలరులు వరసగా నిలబడి బకెట్లతో నూనె తోడి చేతికి చేయి అందించుకుంటున్నారు. రాకెట్లు పంపే దేశంలో సముద్రంలో నూనె తోడడానికి ప్లాస్టిక్ బకెట్లా అని అప్పుడు అందరూ ఎగతాళి చేశారు. ఆరేళ్ల తర్వాత 2023లో కూడా మొదటి రోజుల్లో జాలరులు తమ పడవలేసుకుని మగ్గులతో, బకెట్లతోనే తోడారు. చాలామందికి చేతులకు తొడుగుల్లేవు. యంత్రాలు తర్వాత వచ్చాయి.

పడవకు లెక్క ఉంది, చేతికి?

ఎన్నూరు చుట్టుపక్కల కాట్టుకుప్పం, ముగత్తువారకుప్పం, తాళంకుప్పం, నెట్టుకుప్పం అని చిన్న చిన్న జాలరి పల్లెలు. వలలన్నీ నూనె పట్టి పనికిరాకుండా పోయాయి. నూనె పట్టిన వలను ఉతకలేరు, దాంతో మళ్లీ చేపలు పడితే ఆ చేపలూ కంపు కొడతాయి. ప్రభుత్వం నష్టపోయిన జాలరి కుటుంబానికి 12,500 రూపాయలు, పడవకు 10,000 రూపాయలు ఇస్తామన్నది. ఏమీ ఇవ్వకపోవడం కంటే మేలే కదా అనవచ్చు.

కానీ ఆ ఏటి మీద బతికేవాళ్లందరికీ పడవల్లేవు. మోకాలి లోతు నీళ్లల్లో, బురదలో కూర్చుని చేతులతో తడిమి రొయ్యలు పట్టే వాళ్లున్నారు. ఇరుళర్లు, మన వైపు యానాదుల వంటివాళ్లు. అందులో ఆడవాళ్లు చాలామంది. రెండు చేతులూ బురదలో ఉండాలి కాబట్టి, పట్టిన రొయ్యలు వేసుకునే తాటాకు సంచిని పళ్లతో కరిచి పట్టుకుంటారు. అంటే గొంతు దాకా ఆ నీళ్లే, మూతికి ఆ నీళ్లే, గోళ్ల సందుల్లో ఆ బురదే. నూనె వచ్చి పడితే అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా తగిలేది వీళ్లకు. వాళ్లకు పడవ లేదు, వల లేదు, రిజిస్ట్రేషను కాగితం లేదు. చేతులున్నాయి. చేతులకు నష్టపరిహారం ఏ పట్టికలో ఉంటుంది?

ఇక గంప నెత్తిన పెట్టుకుని వీధుల్లో చేపలమ్మే ఆడవాళ్ల సంగతి. నూనె పడిందన్న వార్త పేపర్లో రాగానే, ఎక్కణ్నుంచి వచ్చిన చేపయినా సరే జనం కొనడం మానేస్తారు. 2025 మే 25న కేరళ తీరం దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే సరుకుల ఓడ మునిగినప్పుడు ఇదే జరిగింది. ఆ ఓడలో 640 కంటెయినర్లతో పాటు 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్, 84 టన్నుల డీజిలు ఉన్నాయి. అక్కడ చేపలు తింటే ఏమవుతుందోనని జనం భయపడితే, ఏమీ కాదని చెప్పడానికి పెద్దలు పూనుకోవలసి వచ్చింది. కేరళ ప్రభుత్వం ఓడ యజమానులమీద 9,531 కోట్ల రూపాయలకు హైకోర్టులో దావా వేసింది. ఆ దావా తేలేలోగా జాలరి కుటుంబాలకు తాత్కాలికంగా ప్రకటించింది వెయ్యి రూపాయలు, ఆరు కిలోల బియ్యం. దావా అంకె ఎంత పెద్దదో, ఇంటికి చేరే సంచి ఎంత చిన్నదో చూడండి.

కలుషితం చేసినవాడే సొమ్ము కట్టాలన్న సూత్రం మన దేశంలో చట్టమైపోయింది. సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. అదెక్కడి కేసనుకున్నారు? మన చిత్తూరుకు కూతవేటు దూరంలో ఉన్న వేలూరు ప్రాంతపు తోళ్ల పరిశ్రమల కేసు. ఆ జిల్లా పౌరుల సంక్షేమ వేదిక పాలారు నీళ్లు పాడైపోతున్నాయని కోర్టుకెక్కింది. సూత్రం ఉంది సరే. నష్టపోయిందెవరో రాసుకునేటప్పుడు మగవాడి పేరూ, పడవ నంబరూ మాత్రమే రాస్తే, ఆ సూత్రం ఆడవాళ్ల దాకా రాకముందే ఆగిపోతుంది.

తెట్టు పోయాక

నూనె నీళ్లమీద తేలుతుంది, తోడి పారేస్తే సరిపోతుందని మనం అనుకుంటాం. పులుసుమీద తేలిన నూనె గరిటెతో తీసేసినంత సులువని. అదే అసలు పొరపాటు.

ముడిచమురులో వందల రకాల పదార్థాలు కలిసి ఉంటాయి. తేలికవి కొన్ని, బరువైనవి కొన్ని. బెంజీను, టోలీన్ లాంటి తేలికవి గాలిలోకి లేస్తాయి. అందుకే మొదటి రెండు మూడు రోజులు ఊరంతా పెట్రోలు బంకులా కంపు. తలనొప్పి, కళ్లమంట, వాంతులు, ఊపిరాడకపోవడం అప్పుడు వస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లలకు, ముసలివాళ్లకు మరీ కష్టం. బెంజీను రక్తానికి పడని పదార్థం. ఎక్కువకాలం పీలిస్తే ఎముక మూలుగను దెబ్బతీస్తుంది, రక్త క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సరు పరిశోధన విభాగం ఎప్పుడో నిర్ధారించింది. తల్లి పీల్చింది కడుపులో బిడ్డకూ చేరుతుంది. కాబట్టి అలాంటి చోట్ల నుంచి గర్భిణులను ముందుగా వేరే ఊరు పంపాలి. నూనె ఎత్తే పనికి అసలు పోనివ్వకూడదు.

కొంత భాగం నీళ్లలో కరుగుతుంది. ఇది కంటికి కనిపించదు. మిగిలిన బరువైన భాగం బురదలో కలిసి అడుక్కి దిగుతుంది. గాలి తగలని బురదలో అది సంవత్సరాల తరబడి ఉంటుంది. 1989 మార్చి 24న అమెరికాలోని అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ రాతిని గుద్దుకుని దాదాపు నాలుగు కోట్ల లీటర్ల ముడిచమురు ఒలికింది. ఇరవై ఏళ్లు దాటాక కూడా అక్కడి ఒడ్డున రాళ్లు తవ్వితే కింద నూనె కనిపించింది. ఎన్నూరులో మడచెట్ల ఊపిరి వేర్లకు నల్లగా పట్టింది కూడా ఆ బరువైన నూనే. ఆ వేర్లు బురదలో నుంచి పైకి పొడుచుకు వచ్చేది గాలి పీల్చుకోవడానికి. వాటికి నూనె పూస్తే చెట్టు నిలువునా ఊపిరాడక చస్తుంది. మడచెట్టు నీడలోనే రొయ్యపిల్లలు పెరిగేది.

ఊపిరాడకపోవడమంటే ఏమిటో మనకు కొత్తగా చెప్పాలా? మున్సిపాలిటీ వాళ్లు మురుగు కాలువల్లో రంపపు పొట్టు కలిపిన ఆయిల్ బాల్స్ వేసేది ఎందుకు? నీళ్లమీద సన్నటి నూనె పొర కడితే, గాలికోసం పైకి వచ్చిన దోమపిల్లలు చస్తాయని. దోమలకు మనం కావాలని చేసేది ఏట్లో ప్రాణులన్నింటికీ జరుగుతుంది. పక్షులది ఇంకో బాధ. ఈకలకు నూనె పడితే ఈకల మధ్య గాలి నిలవదు, నీళ్లు లోపలికి దిగిపోతాయి, ఒళ్లు చల్లబడిపోతుంది. ముక్కుతో ఈకలు సవరించుకునే కొద్దీ విషం కడుపులోకి పోతుంది. 2023లో ఎన్నూరులో నల్లగా నూనె పట్టిన గూడబాతులను పట్టుకుని కడగాలని అటవీశాఖ వాళ్లు తిరిగారు. మన నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతుల జాతే అది.

చేప గుడ్లకూ ఈ నూనెకూ ఉన్న సంబంధం శాస్త్రజ్ఞులు అలాస్కా ప్రమాదం తర్వాతే బాగా పట్టుకున్నారు. నూనెలో ఉండే కొన్ని పదార్థాలు, అవి చాలా కొద్దిపాటివయినా సరే, గుడ్డులో తయారవుతున్న చేపపిల్ల గుండెను వంకర చేస్తాయట. చేప వెంటనే చావదు. బలహీనంగా పెరుగుతుంది, ఈదలేదు, ఇంకో చేప నోట్లో పడుతుంది. అందుకని నూనె పడిన ఏడాది కంటే ఆ తర్వాతి ఏళ్లల్లో వలలు ఖాళీగా వస్తాయి. అప్పుడు పరిహారం అడిగితే ఎవరిస్తారు?

మరి చేపలు తినవచ్చా అని అడుగుతారు. చేపలకు ఈ విషాలను కొంతవరకు విరగ్గొట్టి బయటికి పంపే శక్తి ఉంది. ఆలిచిప్పలు, గుల్లలకు ఆ శక్తి చాలా తక్కువ, అవి లోపలే పోగుచేసుకుంటాయి. కాబట్టి నూనె పడిన చోటి గుల్లలు చాలాకాలం ముట్టుకోకూడదు. కిరోసిన్ వాసన వచ్చే చేప ఎంత చింతపండు పోసినా, ఎంత మసాలా దంచినా వద్దు. అంతేగాని చేపల గంప కనిపించగానే తలుపు వేసుకోవడం కూడా న్యాయం కాదు. ఎక్కడి చేపని అడగండి. అమ్మే ఆమెకు తెలుస్తుంది.

నూనె ఎత్తడానికి వెళ్లిన వాళ్ల సంగతి విదేశాల్లో పరీక్ష చేసి చూశారు. 2002లో స్పెయిను దగ్గర ప్రెస్టీజ్ అనే ఓడ మునిగింది. నూనె ఎత్తిన జాలరుల్లో కొందరికి ఏడాది రెండేళ్ల తర్వాత కూడా ఆయాసం, దగ్గు ఉన్నట్టు తేలింది. ఎక్కువ రోజులు పనిచేసిన వాళ్లకు ఎక్కువ. 2007లో కొరియాలో ఇలాంటిదే జరిగితే పది లక్షలకు పైగా జనం స్వచ్ఛందంగా వెళ్లి రాళ్లు తుడిచారు. మంచి మనసే. కానీ తొడుగూ, ముక్కుకు తగిన మాస్కూ లేకుండా మంచి మనసుతో వెళ్లడం ఎంత ప్రమాదమో అక్కడి వైద్యులు ఆ తర్వాత చెప్పారు. ఎన్నూరు జాలరులకు ఇలాంటి పరీక్షలు ఏళ్ల తరబడి వరసగా జరగాలి. ఒకరోజు వైద్యశిబిరం పెట్టి మాత్రలు పంచితే సరిపోదు.

మన వాకిలి

ఓడలు, కర్మాగారాల కథ విన్నాక మనకు కొంచెం హాయిగా ఉంటుంది. తప్పంతా దూరంగా, పెద్దవాళ్ల దగ్గర ఉంది కదా అని. కానీ అమెరికా జాతీయ అకాడమీల శాస్త్రజ్ఞులు 2022లో ఒక నివేదిక ఇచ్చారు. ఉత్తర అమెరికా సముద్రాల్లోకి నేలమీద నుంచి, అంటే రోడ్లు, షెడ్లు, కాలువల నుంచి వాననీళ్లతో కొట్టుకొచ్చే నూనె అంతకు ఇరవై ఏళ్ల ముందు వేసిన అంచనా కంటే ఇరవై రెట్లదాకా ఎక్కువని. ఓడ మునిగితే టీవీలో చూపిస్తారు. రోజుకింత కారేది ఎవరికీ వార్త కాదు.

తిరుపతిలో మనం రోజూ చూసేదేమిటి? కొండకు వచ్చే బండ్లు వేలల్లో. అవన్నీ ఎక్కడో ఒకచోట ఆయిలు మార్చుకోవాలి, కడిగించుకోవాలి. ఒక కారు ఆయిలు మార్చినప్పుడు తీసే పాత ఆయిలు మూడు నాలుగు లీటర్లు. అది మంచినీళ్లలో కలిస్తే పది లక్షల గ్యాలన్లు, అంటే 38 లక్షల లీటర్ల నీళ్లు పాడవుతాయని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీళ్లలో మినరల్ ఆయిలు అర మిల్లీగ్రాము మించకూడదు. ఇంటిమీద వెయ్యి లీటర్ల ట్యాంకుకు లెక్కగడితే పది పన్నెండు చుక్కలు! బండి తుడిచిన గుడ్డను పిండితే ఇంకా ఎక్కువే వస్తుంది.

2013లో చెన్నై తొండియార్‌పేటలో ఇళ్ల బోర్లలో పెట్రోలియం వచ్చింది. భూమిలో వేసిన చమురు గొట్టం కారి భూగర్భజలంలో కలిసింది. అదీ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. భూమిలోకి దిగిన నూనెను తీయడం ఏట్లో తెట్టును తీయడం కంటే కష్టం. మా వీధి బోరుకు ఏ గొట్టమూ అక్కర్లేదు, ఒక షెడ్డు చాలు. నేలమీద కారిన ఆయిలు వాననీళ్లతో దిగిపోతుంది, బోరు గొట్టం చుట్టూ సిమెంటు సరిగా లేకపోతే ఇంకా త్వరగా దిగుతుంది. స్వర్ణముఖి ఇసుక కింద పారే నీళ్లకూ ఇదే గతి.

చాలామంది ఆడవాళ్లు చేసే పొరపాటొకటి ఇక్కడ చెప్పితీరాలి. నీళ్లు బాగాలేవనగానే మనం కాచేస్తాం. సూక్ష్మజీవులు చస్తాయి, నిజమే. నూనె చావదు. పైగా పెట్రోలులాంటి తేలిక పదార్థాలు ఆవిరిలో కలిసి వంటింట్లోకి లేస్తాయి, మనమే పీలుస్తాం. పటిక వేసినా కరిగిన నూనె పోదు. ఫిల్టరు ఉంది కదా అంటే, నూనె తగిలితే ఆ ఆర్వో పొర పాడైపోతుంది. బొగ్గు ఫిల్టరు కొంత పీల్చుకుంటుంది గానీ ఎప్పుడు నిండిపోయిందో మనకు తెలియదు. నూనె వాసన వచ్చే నీళ్లు తాగవద్దు, వండవద్దు, వేడి చేసుకుని స్నానం చేయవద్దు. బాగా పెట్రోలు కంపు కొట్టే బోరు దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. మున్సిపాలిటీకి, కాలుష్య నియంత్రణ మండలికి రాసిచ్చి పరీక్ష చేయించమనాలి. రాసిచ్చిన కాగితం నకలు దగ్గర పెట్టుకోండి.

ఇంకొకటి. పిల్లలు పొరపాటున కిరోసినో పెట్రోలో తాగితే వేలు పెట్టి కక్కించకూడదు. పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, అదే ప్రాణం తీసేది. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. కిరోసిన్ స్టవ్వుల కాలం పోయింది గానీ, తాగునీళ్ల సీసాల్లో పెట్రోలు పోసి ఇంట్లో పెట్టుకునే అలవాటు పోలేదు.

వాడేసిన ఇంజను ఆయిలు 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. రిజిస్ట్రేషను ఉన్న శుద్ధి కేంద్రాలకే ఇవ్వాలి. కొత్త ఆయిలు తయారుచేసే కంపెనీలే పాత ఆయిలు వెనక్కి వచ్చే బాధ్యత తీసుకోవాలని 2024 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వచ్చింది. కాగితంమీద అంతా బాగుంది. నేను మా వీధి షెడ్డు అబ్బాయిని అడిగాను, పాత ఆయిలు ఏం చేస్తావని. "సెంట్రింగు వాళ్లు కొనుక్కుని పోతారు మేడం, చెక్కలకు పూసేదానికి. మిగిలిందేదో ఇట్లా..." అని కాలువ వైపు చూశాడు. కంపెనీ వాళ్లెవరైనా వచ్చి తీసుకుంటామన్నారా అంటే నవ్వాడు. అతని నవ్వులో తప్పు లేదు. చట్టం అతని షెడ్డు దాకా నడిచి రాలేదు.

వంటింటి నూనె గురించి రెండు మాటలు. ఇది విషం కాదు గానీ, ఏట్లోకి పోతే దీన్ని అరిగించుకోవడానికి నీళ్లలో ఉన్న ఆక్సిజనంతా ఖర్చవుతుంది, చేపలకు ఊపిరాడదు. కాలువలో గడ్డకట్టి నిలుస్తుంది కూడా. బూరెలు, వడలు కాచిన మూకుడు నేరుగా సింకులో కడగకుండా పాత పేపరుతో తుడిచి ఆ పేపరు చెత్తలో వేయండి. హోటళ్లు కాచిన నూనెనే మళ్లీ మళ్లీ వాడకుండా 2018లో ఆహార భద్రతా సంస్థ హద్దు పెట్టింది. నూనె చెడిపోయిన కొద్దీ పెరిగే పదార్థాలు 25 శాతం దాటితే పారేయాలని. ఆ నూనెను సేకరించి బయోడీజిలుగా మార్చే పథకం కూడా అదే ఏడు పెట్టారు. యాత్రికుల కోసం రాత్రీపగలూ పెనాలు కాగే మన ఊళ్లో ఆ సేకరణ బండి వీధి వీధికీ తిరగాలి. కొండమీదికి 2022 సెప్టెంబరు నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. వాటికి ఇంజను ఆయిలే అక్కర్లేదు. కొండకు పట్టిన శ్రద్ధ కొండ కింద వీధులకూ పట్టకపోతే ఎలా?

మా పక్కింటామె, నేను, ఇంకో ఇద్దరం కలిసి షెడ్డు ముందు నేలమీద రంపపు పొట్టు పోయించాం. కారిన ఆయిలు పట్టడానికి ఒక రేకు పళ్లెం పెట్టించాం. మున్సిపాలిటీకి అర్జీ ఇచ్చాం. ఆ పొట్టయినా చివరికి ఎక్కడ పారేయాలో షెడ్డు అబ్బాయికీ తెలియదు, మాకూ తెలియదు. ఒక సంచిలో కట్టి షెడ్డు మూలన పెట్టాడు.

తాగడానికి, వండడానికి కుళాయి నీళ్లు పట్టుకుంటున్నారు. బోరు నీళ్లు బాత్రూముకే. అయినా రోజూ పొద్దున్నే ఆమె బోరు వేసి బకెట్ నింపి చీపురుపుల్లతో పొడిచి చూస్తూంది. మూడు వారాలైంది. తెట్టు కొంచెం పల్చబడిందంటుంది. నిన్న పొద్దున కూడా పుల్ల తీయగానే మళ్లీ కలిసిపోయింది.